ఆరుకూ ఏడుకూ మధ్య

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్, స్పీకింగ్ అంకెలు ఎందుకు ఆగిపోతాయో పరీక్ష నిర్వాహకులే ఒక పట్టికలో రాసి అందరి ముందూ పెట్టారు. అభ్యర్థులు అది తప్ప మిగతావన్నీ చదువుతున్నారు.

విదేశీ విశ్వవిద్యాలయంలో సీటు కోసమో, బ్రిటన్‌లో నర్సుగా నమోదు కోసమో, కెనడాలో శాశ్వత నివాసం కోసమో ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిషు పరీక్ష రాసేవారి ఫలితాల పత్రాల్లో ఒకే రకమైన అమరిక పదే పదే కనిపిస్తుంది. లిజనింగ్, రీడింగ్ విభాగాల్లో ఏడు, ఏడున్నర తెచ్చుకొన్న అభ్యర్థికి రైటింగ్‌లో ఆరు, స్పీకింగ్‌లో ఆరో ఆరున్నరో వచ్చి అక్కడే నిలిచిపోతుంది. పదిహేను వేల రూపాయలు దాటిన ఫీజు మళ్లీ కట్టి మళ్లీ రాసినా మొదటి రెండు అంకెలు ఇంకాస్త పెరుగుతాయి తప్ప ఈ రెండూ కదలవు. ఇది తెలుగువారికే వచ్చిన ఇబ్బంది కూడా కాదు; నిర్వాహకులు ప్రకటించే ప్రపంచ సగటుల్లో సైతం నాలుగు విభాగాల్లోకీ రైటింగే అట్టడుగున ఉంటూ వస్తోంది.

కారణం కొంతవరకు దిద్దే పద్ధతిలోనే ఉంది. లిజనింగ్, రీడింగ్ విభాగాల్లో ఒక్కోదానికి నలభై ప్రశ్నలు ఉంటాయి, వాటికి జవాబుల పట్టీ ఉంటుంది, జవాబు సరిపోతే మార్కు పడుతుంది కాబట్టి పాత ప్రశ్నపత్రాలు వరుసగా రాస్తూ పోతే అభ్యర్థికి తన తప్పులు తనకే తెలిసిపోతాయి. గంటసేపు సాగే రైటింగ్‌కూ, పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు సాగే స్పీకింగ్‌కూ అటువంటి జవాబుల పట్టీ లేదు. శిక్షణ పొందిన ఎగ్జామినర్ ఒకరు చదివి లేదా విని, కొన్ని నిర్దిష్ట ప్రమాణాల ప్రకారం అంచనా కడతారు. ఆ ప్రమాణాలేమిటో తెలియని అభ్యర్థి ఎన్ని వ్యాసాలు రాసినా తన తప్పు ఎక్కడుందో తనకు తెలియదు.

ఆ రెండు అంకెలను కదిలించే దారేమిటన్నదే ప్రశ్న. సలహాలకు కొరత లేదు. అమీర్‌పేటలో, విజయవాడ బెంజి సర్కిల్‌లో, విశాఖ ద్వారకానగర్‌లో గోడలనిండా బ్యాండ్ హామీలే, అంటే ఫలానా అంకె ఖాయమన్న ప్రకటనలే. జనవరి–ఏప్రిల్ అనీ మే–ఆగస్టు అనీ పేర్లు పెట్టిన స్పీకింగ్ ప్రశ్నల క్యూ కార్డుల జాబితాలు వాట్సాప్‌లో చేతులు మారుతూనే ఉంటాయి. ఏ వ్యాసానికైనా సరిపోతుందని చెప్పే టెంప్లేట్లు, అంటే ఖాళీలు పూరించుకోవడానికి వీలుగా ముందే రాసిపెట్టిన వాక్యాల చట్రాలు, జిరాక్స్ సెంటర్లలో దొరుకుతాయి. వాటన్నిటినీ ముందేసుకొని చూసినప్పుడు నిజంగా పనికొచ్చే సమాచారం ఉన్నది ఉచితంగా దొరికే ఒక చిన్న పత్రంలోనే అని తేలింది. దాని పేరు బ్యాండ్ డిస్క్రిప్టర్లు, అంటే ఒక్కో అంకెకు ఎలాంటి రాత, ఎలాంటి మాట తగునో వర్ణించే పట్టిక. ఎగ్జామినర్లు అనుసరించే ప్రమాణాలను అభ్యర్థుల కోసం బహిరంగంగా ప్రకటించిన రూపమిది. 2023లో దీన్ని సవరించి మళ్లీ విడుదల చేశారు.

చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. విదేశీయుల ఇంగ్లిషును పరీక్షించే కేంబ్రిడ్జ్ వారి ప్రొఫిషియెన్సీ పరీక్ష 1913లో మొదలైంది. పన్నెండు గంటలపాటు సాగిన ఆ తొలి పరీక్షకు కూర్చున్నవారు ముగ్గురు, ముగ్గురూ తప్పారు. అమెరికాలో టోఫెల్ 1964లో, బ్రిటన్‌లో ఈఎల్‌టీఎస్ 1980లో వచ్చాయి. ఆ రెండో పరీక్షే మార్పులు చెంది 1989లో ఐఈఎల్‌టీఎస్ అయింది. బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ, కేంబ్రిడ్జ్ సంస్థలు దీనికి ఉమ్మడి యజమానులు. స్పీకింగ్‌ను 2001లో ఇప్పటి రూపానికి తెచ్చారు. రైటింగ్, స్పీకింగ్‌లలో అర బ్యాండ్లు ఇవ్వడం 2007లో మొదలైంది. భారత్‌లో బ్రిటిష్ కౌన్సిల్ నడిపిన ఐఈఎల్‌టీఎస్ వ్యాపారాన్ని 2021లో ఐడీపీ కొనేసింది. విద్యార్థులను విదేశీ వర్సిటీలకు పంపే సంస్థ కూడా అదే కావడం పాఠకులు గుర్తుంచుకోదగ్గ విషయం.

పట్టికను చదవడం ఎలా

రైటింగ్ పట్టికకు నాలుగు నిలువు వరుసలు ఉంటాయి. మొదటిది అడిగిన ప్రశ్నకు ఎంతవరకు జవాబిచ్చారన్నది, రెండోది భావాల పొందిక, వాక్యాల అన్వయం, మూడోది పదసంపద, నాలుగోది వ్యాకరణంలో వైవిధ్యం, కచ్చితత్వం. స్పీకింగ్‌కూ నాలుగే: ధారాళత–పొందిక, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమాన విలువ. అడ్డంగా తొమ్మిది నుంచి సున్నా దాకా అంకెలు ఉంటాయి కాబట్టి, ఏ అభ్యర్థి అయినా ఒక నిలువు వరుస పట్టుకొని ఆరు దగ్గర ఉన్న వర్ణననూ ఏడు దగ్గర ఉన్న వర్ణననూ పక్కపక్కన చదివితే తనకు ఏం కొరవడిందో పరీక్ష పెట్టేవారి మాటల్లోనే తెలుస్తుంది. మొత్తం పట్టికను బట్టీ పట్టనక్కరలేదు; ఆరు, ఏడు వరుసల తేడా చాలు.

ఆ తేడాను శ్రద్ధగా చూసినవారికి ముందుగా ఒక వింత ఎదురవుతుంది. ఏ అలవాట్లు మార్కులు తెస్తాయని శిక్షణ కేంద్రాలు నూరిపోస్తున్నాయో, వాటిలో చాలా వాటిని పట్టిక ఆరు వరుసలోనో అంతకన్నా కిందనో లోపాలుగా నమోదు చేసింది.

కనబడని కుట్టు

రెండో నిలువు వరుసను ఉదాహరణగా తీసుకోవచ్చు. భావాలు ఒకదాని వెనుక ఒకటి సమంజసమైన క్రమంలో రావడం పొందిక. ఆ క్రమాన్ని పాఠకుడికి తెలియజేసే సంధాయక పదాలు, సర్వనామాలు, పునరుక్తులు సరిగా అమరడం అన్వయం. దీనికి కోచింగ్ తరగతుల్లో ఇచ్చే మందు ఒక్కటే: ప్రతి వాక్యం ముందూ ‘మోరోవర్’, ‘ఫర్దర్‌మోర్’, ‘ఆన్ ది అదర్ హ్యాండ్’, చివరి పేరాకు ‘టు కన్‌క్లూడ్’ తగిలించడం. పట్టికలో ఆరు దగ్గర ఉన్న వర్ణన ప్రకారం ఆ స్థాయి రాతలో సంధాయకాలు కొంత ఫలితమిచ్చినా, తప్పుగా వాడడం వల్లనో, అతిగా వాడడం వల్లనో, అవసరమైన చోట వదిలేయడం వల్లనో అన్వయం యాంత్రికంగా ఉండవచ్చు. తొమ్మిది దగ్గరికి వెళితే అన్వయం పాఠకుడి కంట పడడమే బహు అరుదు. మంచి దర్జీ కుట్టు బట్ట పైకి కనిపించనట్టే, మంచి పేరాలో అతుకులు కనిపించవని దీని భావం.

దీన్ని సాధనలోకి తేవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. రాసిన పేరాలోంచి సంధాయక పదాలన్నీ కొట్టేసి చదవాలి. వాక్యాల వరుస అప్పటికీ అర్థమైతే ఆ పదాలు అలంకారానికి పెట్టినవే కాబట్టి, ఎక్కడ తర్కం నిజంగా మలుపు తిరిగిందో అక్కడ మాత్రమే ఒకటి రెండు తిరిగి చేర్చాలి. సంధాయకాలు తీయగానే పేరా విడిపోతే లోపం భావాల క్రమంలోనే ఉందన్నమాట. దానికి ‘ఫర్దర్‌మోర్’ మందు కాదు, వాక్యాల స్థానాలు మార్చాలి. ముందు వాక్యంలోని విషయాన్ని ‘దిస్ పాలసీ’, ‘సచ్ ఫ్యామిలీస్’ వంటి మాటలతో తరువాతి వాక్యంలోకి తేవడం తలుపు దగ్గర కాపలావాడిలా నిలబడే ‘మోరోవర్’ కన్నా చాలా ఎక్కువ పని చేస్తుంది.

పెద్ద మాటల సాహసం

పదసంపద వరుసలో ఆరు దగ్గర ఆసక్తికరమైన వాక్యం ఒకటి ఉంది. రాసేవారు సాహసించే రకమైతే పదాల విస్తృతి పెరుగుతుంది, దానితోపాటు తప్పు ప్రయోగాలూ పెరుగుతాయని దాని సారాంశం. అంటే ‘ప్లెథోరా’, ‘మిరియడ్’, ‘యుబిక్విటస్’ వంటి మాటలు చోటు చూడకుండా చల్లే అభ్యర్థి ఎగ్జామినర్‌కు కొత్తవారేమీ కాదు. వారికి పట్టికలో స్థానం ముందే ఖరారై ఉంది, అది ఆరు. ఇంకా కిందికి, నాలుగు దగ్గరికి వెళితే బట్టీపట్టిన పదబంధాలను, మూస వాక్యాలను, ప్రశ్నలోంచే ఎత్తి రాసిన మాటలను తగని చోట వాడడం ఆ స్థాయి లక్షణంగా కనిపిస్తుంది. జవాబు మొత్తం కంఠస్థం చేసిందేనని రుజువైతే దక్కేది సున్నా.

ఏడు దగ్గర పట్టిక కోరేది వేరే. అరుదైన మాటలు కొన్నిటిని వాడగలగాలి, వాటితోపాటు సందర్భానికి తగిన శైలి, పదాల జోడింపు తెలిసి ఉండాలి. జోడింపు అంటే ఏ మాట పక్కన ఏ మాట సహజంగా వస్తుందన్న ఎరుక. తెలుగులో పరీక్ష రాస్తారు, ఫీజు కడతారు, పేరు తెచ్చుకొంటారు. ఈ జోడీలు తారుమారైతే వ్యాకరణం చెడకపోయినా మాట ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లిషులో ‘హెవీ రెయిన్’ ఉంది, ‘స్ట్రాంగ్ రెయిన్’ లేదు. ‘మేక్ ఎ డెసిషన్’ ఉంది, ‘డు ఎ డెసిషన్’ లేదు. కాబట్టి పదాల జాబితాను ఒంటరి మాటలుగా నేర్చుకోవడం వృథా శ్రమ. రీడింగ్ సాధనకు వాడిన వ్యాసాన్నే మరునాడు మళ్లీ తెరిచి, అందులో నామవాచకాల పక్కన ఏ క్రియలు, ఏ విశేషణాలు వచ్చాయో జంటలుగా రాసుకొంటే, ఒకే పుస్తకం రెండు విభాగాలకూ పనికొస్తుంది. ఈ సలహా గోడ పోస్టరు మీద మెరిసేది కాదు కాబట్టే కాబోలు, ఎవరూ ముద్రించరు.

ఒకే కారణం, చివరిదాకా

మొదటి నిలువు వరుసలో తేడా మరీ స్పష్టంగా ఉంటుంది. రైటింగ్‌లోని రెండు టాస్కుల్లో రెండోది, అంటే కనీసం 250 మాటల వ్యాసం, మొదటి టాస్కుకు రెట్టింపు విలువైనది. ఆరు దగ్గర ప్రధాన భావాలు విషయానికి సంబంధించినవే అయినా కొన్ని తగినంత విస్తరణ లేక మిగిలిపోతాయి. ఏడు దగ్గర ఆ భావాలను విస్తరించి బలపరుస్తారు, స్పష్టమైన అభిప్రాయం కనిపిస్తుంది.

‘విశ్వవిద్యాలయ విద్యను ప్రభుత్వమే ఉచితంగా అందించాలి, దీనితో ఎంతవరకు ఏకీభవిస్తారు’ అన్న తరహా ప్రశ్న వచ్చిందనుకొందాం. సగటు అభ్యర్థి రాసే పేరాలో పేదలకు మేలు జరుగుతుందని ఒక వాక్యం, దేశం అభివృద్ధి చెందుతుందని ఒక వాక్యం, నేరాలు తగ్గుతాయని ఒక వాక్యం వరుసగా వచ్చి, ఏ ఒక్కటీ ఎందుకో ఎలాగో చెప్పకుండానే పేరా ముగుస్తుంది. చట్రం ప్రకారం వెళ్లేవారు దీనికి తోడు ఏదో ప్రసిద్ధ విశ్వవిద్యాలయ అధ్యయనమనీ, డెబ్బై శాతమనీ లేని లెక్కను పుట్టించి చేరుస్తారు. ఎగ్జామినర్ దాన్ని సరిచూడరన్న ధీమా సరే. కానీ పుట్టించిన అంకె ఏ భావాన్నీ విస్తరించదు, పైగా అది మూస వాక్యంలోనే కూర్చుని వస్తుంది.

ప్రశ్నపత్రం అడిగేది సొంత పరిజ్ఞానం లేదా అనుభవం నుంచి తగిన ఉదాహరణలు. తెలుగు రాష్ట్రాల అభ్యర్థి చేతిలో ఇక్కడ నిజమైన సరుకే ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే అర్హులైన విద్యార్థుల తరఫున ప్రభుత్వమే కళాశాలలకు రుసుము చెల్లించే పథకం, వారు చూస్తూ పెరిగిందే. ఆ పథకం వల్ల ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగ్ దాకా వచ్చిన పిల్లలు ఉన్నారనీ, బకాయిలు పేరుకొన్నప్పుడు యాజమాన్యాలు సర్టిఫికెట్లు ఆపిన సందర్భాలూ ఉన్నాయనీ, కాబట్టి ఉచిత విద్య హామీ ఎంత ముఖ్యమో డబ్బు సకాలంలో విడుదల కావడమూ అంతే ముఖ్యమనీ నాలుగు మామూలు వాక్యాల్లో చెప్పగలిగితే, ఆ పేరాలో ఒకే కారణం ఉన్నా అది మొదలు నుంచి చివరిదాకా నడుస్తుంది. అరుదైన మాట ఒక్కటీ అక్కర్లేదు. ఇలా రాసినవారు తక్కువ కావడానికి, సొంత ఊరి సంగతి అంతర్జాతీయ పరీక్షకు తగదన్న సంకోచమే కారణమై ఉండాలి.

మొదటి టాస్కులో, అంటే అకడమిక్ పరీక్షలో గ్రాఫును లేదా పట్టికను కనీసం 150 మాటల్లో వర్ణించే ప్రశ్నలో, ఇదే తర్కం మరో రూపంలో పనిచేస్తుంది. అంకెలన్నీ వరుసగా అప్పజెప్పడాన్ని ఐదు దగ్గర యాంత్రిక వివరణగా పేర్కొన్నారు. మొత్తం మీద ఏది పెరిగింది, ఏది తగ్గింది, ఏది అన్నిటికంటే పైన ఉంది అని రెండు వాక్యాల్లో చెప్పే సమగ్ర చిత్రణ స్పష్టంగా ఉంటేనే ఏడు. ఈ టాస్కుకు ఇరవై నిమిషాలు మించి వెచ్చించడం రెండో టాస్కు నోటి ముందు కూడు లాక్కోవడమే.

తప్పులేని వాక్యాల లెక్క

వ్యాకరణం వరుస దగ్గరికి వచ్చేసరికి పట్టిక దాదాపు లెక్కల పుస్తకమైపోతుంది. ఏడు దగ్గర తప్పులేని వాక్యాలు తరచు కనిపించాలి. ఎనిమిది దగ్గర అధిక సంఖ్యాక వాక్యాలు తప్పు లేకుండా ఉండాలి. ఆరు దగ్గర సరళ, సంక్లిష్ట వాక్యాలు రెండూ ఉంటాయి గాని, సంక్లిష్ట వాక్యాలు సరళ వాక్యాలంత కచ్చితంగా ఉండవు. ఇక్కడ గమనించవలసింది కొలమానమే: పెద్ద తప్పా చిన్న తప్పా అన్నదానికంటే ముందు, తప్పు తగలని వాక్యాలు ఎన్ని అన్న ప్రశ్న వస్తుంది. వ్యాసంలో పదిహేను వాక్యాలుంటే, పదింటిలో ఒక్కో ‘ది’ జారిపోయినా, బహువచనపు ‘ఎస్’ మరిచిపోయినా మిగిలేవి ఐదే. ఒక్కొక్కటి చూస్తే ఆవగింజంత పొరపాటు; అన్నీ కలిస్తే ఒక బ్యాండ్.

తెలుగు మాతృభాషగా ఉన్నవారి రాతలో ఇటువంటి తప్పులు చాలావరకు కొన్ని రకాలకే పరిమితమవుతాయి. తెలుగులో ‘ఎ’, ‘ది’ లకు సమానమైన ఉపపదాలు లేకపోవడం వల్ల అవి జారిపోవడం మొదటి రకం. తెలుగు వాక్యంలో విశేషణ ఉపవాక్యం నామవాచకానికి ముందు వస్తుంది. ఇంగ్లిషులో వెనుక వస్తుంది. ఆ వెనుక భాగం పొడుగైనప్పుడు కర్తను మరిచిపోయి మళ్లీ ఒక సర్వనామం చేర్చే అలవాటు, అంటే ‘పీపుల్ హూ లివ్ ఇన్ సిటీస్ దే సఫర్’ వంటి రెండు కర్తల వాక్యం, రెండోది. ‘ఐ యామ్ హ్యావింగ్’, ‘డిస్కస్ అబౌట్’ వంటి ప్రయోగాలు మూడోది. రెండు పూర్తి వాక్యాలను ఉత్త కామాతో కలిపేయడం నాలుగోది. విరామ చిహ్నాలను కూడా పట్టిక ఈ వరుసలోనే లెక్కిస్తుంది. వ్యాకరణ పుస్తకం మొదటి పుట నుంచి చదవడం కన్నా, దిద్దించుకొన్న ఐదారు వ్యాసాల్లోని తప్పులను రకాలవారీగా ఒక కాగితం మీద పేర్చి, ఎక్కువసార్లు వచ్చిన రెండింటి మీదే కొన్నాళ్లు గురిపెట్టడం, పరీక్షలో చివరి మూడు నిమిషాలు ఆ రెండింటి కోసమే వ్యాసాన్ని తిరిగి చదవడం త్వరగా ఫలిస్తుంది. అలాగే కొత్త వ్యాసాలు రాస్తూ పోవడం కన్నా దిద్దించిన వ్యాసాన్నే మళ్లీ రాయడం మేలు. చాలామందికి అది విసుగు పని, అందుకే వ్యాసాల సంఖ్య పెరుగుతుంది, అంకె పెరగదు.

మాట్లాడే పద్నాలుగు నిమిషాలు

స్పీకింగ్‌లో మూడు భాగాలు. మొదటిది ఊరు, పని, అలవాట్ల మీద నాలుగైదు నిమిషాల పరిచయ ప్రశ్నలు. రెండోది క్యూ కార్డు: ఒక విషయం రాసిన కార్డు ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల వరకు మాట్లాడనిస్తారు. మూడోది ఆ విషయాన్నే విస్తృతమైన ప్రశ్నలుగా మార్చి నాలుగైదు నిమిషాలు సాగించే చర్చ. ఎగ్జామినర్ మనిషే, సంభాషణ రికార్డవుతుంది. అభ్యర్థుల శ్రమంతా క్యూ కార్డుల జాబితా మీదే ఖర్చవుతుంది గాని, అభిప్రాయానికి కారణం చెప్పి, ఎదుటి వాదాన్ని కొంత ఒప్పుకొని, తన మాటను సవరించుకొనే సామర్థ్యం బయటపడేది మూడో భాగంలోనే. దానికి జాబితాలు లేవు.

ధారాళత అంటే వేగమన్నది ఇక్కడ అన్నిటికన్నా బలమైన అపోహ. పట్టికలో వేగానికి ఎక్కడా మార్కు లేదు. పైగా ఉచ్చారణ వరుసలో ఆరు దగ్గర, మరీ త్వరగా మాట్లాడడం వల్ల లయ దెబ్బతినవచ్చని రాసి ఉంది. ధారాళతను పట్టిక కొలిచేది తడబాటు స్వభావాన్ని బట్టి. తొమ్మిది స్థాయి వక్త ఆగితే తరువాత ఏం చెప్పాలన్న ఆలోచన కోసమే ఆగుతారు. ఏడు స్థాయి వక్త అప్పుడప్పుడు మాట కోసం వాక్యం మధ్యలో ఆగినా చెప్పే విషయం తెగిపోదు. ఆరు స్థాయిలో ఆ తడబాటు వల్ల కొన్నిసార్లు పొందిక చెదురుతుంది. ఐదు స్థాయిలో చెప్పిందే చెబుతూ, సవరించుకొంటూ లేదా మెల్లగా మాట్లాడుతూ నెట్టుకొస్తారు. కాబట్టి ఆగడం తప్పు కాదు. వాక్యం ముగిశాక ఆగడానికీ, వాక్యం నడుమ క్రియ దొరక్క ఆగడానికీ మధ్య తేడాను ఎగ్జామినర్ చెవి పట్టుకొంటుంది.

ఉచ్చారణ విషయంలో పట్టిక చాలామంది భయపడినంత కఠినంగా లేదు. బ్రిటిష్ యాసనో అమెరికన్ యాసనో అది కోరదు. ఎనిమిది దగ్గర యాస వల్ల అర్థగ్రహణకు ఇబ్బంది అతి స్వల్పంగా ఉండాలనీ, తొమ్మిది దగ్గర అసలు ఉండకూడదనీ మాత్రమే అంటుంది. అరువు యాసతో గదిలోకి వెళ్లేవారు రెండో భాగానికి వచ్చేసరికి దాన్ని మోయలేక దించేయడం మామూలే. తెలుగు నాలుకకు నిజంగా అడ్డుపడేది లయ. తెలుగు ఛందస్సులో ప్రతి అక్షరానికీ గురువో లఘువో తన మాత్రల వాటా తనకు ఉంటుంది. మాటలోనూ అదే న్యాయం నడుస్తుంది. ఇంగ్లిషులో మాటకొక అక్షరం ఊనిక తీసుకొని మిగతావాటిని నలిపేస్తుంది. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద, ‘ఫొటోగ్రఫర్’లో రెండో దాని మీద, ‘ఫొటోగ్రఫిక్’లో మూడో దాని మీద ఊనిక పడుతుంది, మూడింటినీ సమానంగా పలికితే విడివిడి ధ్వనులన్నీ సరిగానే ఉన్నా లయ పోతుంది. పట్టిక ఆరు దగ్గర పేర్కొన్న లోపాల్లో ఊనిక లయ లేకపోవడం కూడా ఉంది.

రెండో అడ్డంకి పదాల చివర. తెలుగు అజంత భాష, అంటే అచ్చుతో ముగిసే మాటల భాష; ‘బస్’ను బస్సుగా, ‘రోడ్’ను రోడ్డుగా మార్చుకొన్న నాలుక ‘ఆస్క్‌డ్’, ‘హెల్ప్‌డ్’, ‘టెస్ట్స్’ వంటి హల్లుల గుంపు ఎదురైతే చివరి హల్లును మింగేస్తుంది లేదా ఒక ఉకారం చేరుస్తుంది. మింగేసిన ‘డ్’తో భూతకాలం పోతుంది, మింగేసిన ‘స్’తో బహువచనం పోతుంది, ఉచ్చారణ దోషం కాస్తా ఎగ్జామినర్ చెవిలో వ్యాకరణ దోషంగా నమోదయ్యే ప్రమాదం ఉంది. ‘ఎవ్రీ’ని ‘యెవ్రీ’గా, ‘ఓల్డ్’ను ‘వోల్డ్’గా, ‘జీరో’లోని మృదు ధ్వనిని మన ‘జ’గా పలకడం వంటివి ఎక్కువగా వినిపించినా, అర్థాన్ని చెడగొట్టే శక్తి వాటికి ఈ చివరి హల్లులకు ఉన్నంత లేదు. సాధన సమయం తక్కువున్నవారు ముందు పదాల చివరలను చూసుకోవాలి.

సాధనకు ఫోనులోని రికార్డరు చాలు. ఒక విషయం మీద రెండు నిమిషాలు మాట్లాడి, విని, తాను పలికిన ప్రతి మాటనూ ‘ఉమ్’లతో సహా కాగితం మీదికి ఎక్కించి, రైటింగ్ వ్యాసంలాగే ఎర్ర సిరాతో దిద్దుకోవాలి, తరువాత అదే విషయం మళ్లీ మాట్లాడాలి. న్యూజిలాండ్‌కు చెందిన భాషాబోధన శాస్త్రవేత్త పాల్ నేషన్ పరిశీలించి సమర్థించిన 4/3/2 పద్ధతి ఈ కోవలోదే: ఒకే విషయాన్ని మొదట నాలుగు నిమిషాల్లో, తరువాత వేరే శ్రోతకు మూడు నిమిషాల్లో, చివరికి మరొకరికి రెండు నిమిషాల్లో చెప్పడం. ఏం చెప్పాలన్న బరువు మొదటి విడతలోనే దిగిపోతుంది కాబట్టి మూడో విడతకు తడబాట్లు తగ్గుతాయి. హాస్టల్ గదిలో ముగ్గురు స్నేహితులుంటే దీనికి పైసా ఖర్చు లేదు.

రాతకు ఇటువంటి అద్దం కావాలనుకొనేవారు కేంబ్రిడ్జ్ ప్రచురించే పాత ప్రశ్నపత్రాల సంపుటాల చివరి పుటలు తెరవాలి. నిజమైన అభ్యర్థుల వ్యాసాలు, వాటికి వచ్చిన బ్యాండు, దానికి ఎగ్జామినర్ ఇచ్చిన వివరణ అక్కడ ఉంటాయి. అందరూ తొమ్మిదికి దగ్గరైన నమూనాలనే వెతుకుతారు. ఐదున్నర వచ్చిన వ్యాసం, దాని కింద ఉన్న నాలుగు వాక్యాల వ్యాఖ్య చదివితే తమ వ్యాసమే అచ్చయినట్టు చాలామందికి తోస్తుంది.

అంకెల లెక్క

ఒక్కో ప్రమాణానికి పట్టికలో పూర్ణాంకాలే ఉంటాయి. అర బ్యాండ్లు సగటు వల్ల వస్తాయి. స్పీకింగ్‌లో రెండు ప్రమాణాలకు ఏడు, రెండింటికి ఆరు వస్తే ఫలితం ఆరున్నర. అంటే ఆరు దగ్గర ఉన్నవారు అర బ్యాండ్ పెరగడానికి నాలుగు నిలువు వరుసలూ ఎక్కనక్కరలేదు, రెండు చాలు. మొత్తం బ్యాండ్ నాలుగు విభాగాల సగటు. పావు వస్తే పై అరకు, ముప్పావు వస్తే పై పూర్ణాంకానికి సవరిస్తారు. 6.5, 6.5, 5, 7 వచ్చినవారి సగటు 6.25, ఫలితం 6.5. అయితే మొత్తం కన్నా విడి అంకెలను చూసే సంస్థలు చాలా ఉన్నాయి. కెనడా వలస విధానం వాడే సీఎల్‌బీ అనే భాషా కొలమానంలో తొమ్మిదో స్థాయికి లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున కావాలి. బ్రిటన్ నర్సింగ్ మండలి రైటింగ్‌కు 6.5, మిగిలినవాటికి 7 అడుగుతుంది. రైటింగ్ గీతను 7 నుంచి తగ్గించింది 2018లో.

యంత్రం దిద్దితే

2009లో వచ్చిన మరో ఇంగ్లిషు పరీక్ష పీటీఈ అకడమిక్‌లో ఎదురుగా మనిషి ఉండరు. మైకులో మాట్లాడితే ప్రధానంగా యంత్రమే 10 నుంచి 90 వరకు మార్కు వేస్తుంది. చూసి చదవడం, విన్న వాక్యాన్ని తిరిగి పలకడం వంటి ప్రశ్నలు ఉంటాయి. మనుషుల ముందు బిడియపడేవారికి ఇది అనుకూలం. లయ, పదాల చివరి హల్లుల లోపాలు ఇక్కడా వెంటాడుతాయి. టోఫెల్‌లోనూ మాటను మైకులోనే రికార్డు చేస్తారు, దిద్దడంలో మనిషి, యంత్రం రెండింటి పాత్రా ఉంటుంది. పరీక్ష మారిస్తే గండం గట్టెక్కుతుందన్న ఆశతో మారేవారు ముందు తమ లోపం ఏ నిలువు వరుసలో ఉందో చూసుకోవడం మంచిది.

ఫలితం వచ్చిన తరువాత

రైటింగ్ లేదా స్పీకింగ్ అంకె అన్యాయమనిపిస్తే పరీక్ష తేదీ నుంచి ఆరు వారాలలోగా పునఃపరిశీలన కోరవచ్చు; అనుభవజ్ఞులైన ఎగ్జామినర్లు మళ్లీ దిద్దుతారు, బ్యాండ్ పెరిగితే కట్టిన రుసుము తిరిగి వస్తుంది. కంప్యూటర్ మీద పరీక్ష రాసినవారికి వన్ స్కిల్ రీటేక్ అనే మరో అవకాశం ఉంది: నాలుగింటిలో ఏదో ఒక్క విభాగాన్ని అరవై రోజులలోగా ఒకసారి మళ్లీ రాయవచ్చు, మిగతా మూడు అంకెలు అలాగే ఉంటాయి. అయితే ఇలా వచ్చిన ఫలితాన్ని అన్ని విశ్వవిద్యాలయాలూ, వీసా అధికారులూ, వృత్తి మండళ్లూ అంగీకరించవు కాబట్టి, దరఖాస్తు చేస్తున్న సంస్థను అడిగి తెలుసుకొన్నాకే రుసుము కట్టాలి.